మగ్గానికి అలవాటైన కాళ్లు

వనపర్తి, దవాఖాన వరండా
జనవరి 7, మంగళవారం

తమ్ముడు తిరుపతికి,

ఇక్కడ అందరం క్షేమం అని రాయబోయి ఆగాను. మొదటి మాటే అబద్ధం ఎందుకు? మీ బావ లోపల మంచం మీద ఉన్నాడు. ఎడమ చేతికి గొట్టాలు పెట్టారు. రక్తం మిషన్‌లోకి పోయి శుభ్రమై తిరిగి వస్తోంది. నాలుగు గంటలు పడుతుంది. నేను బయట బల్ల మీద కూర్చుని ఇది రాస్తున్నాను. ఫోన్ చేయొచ్చు కదా అంటావు. ఉన్న ఒక్క ఫోన్ ఆయన దిండు కింద పెట్టుకుని పాటలు వింటాడు. ఇంట్లో మాట్లాడితే ఆయన చెవిన పడుతుంది. ఆయన వినకూడని మాటలు నాకు ఈమధ్య ఎక్కువయ్యాయి.

మంగళ, గురు, శనివారాలు మాకు ఇదే పని. పొద్దున్నే గద్వాలలో బస్సెక్కడం, సాయంత్రం పీనుగుల్లా దిగడం. వచ్చేటప్పుడు ఆయన నిలబడలేడు. సీటు దొరక్కపోతే బస్సు మెట్ల మీద కూర్చుంటాడు. మిగిలిన రోజుల్లో నేను మగ్గం మీద కూర్చుంటే కళ్లు మూతలు పడతాయి. ఉగాదికి ఇవ్వాల్సిన చీర ఇంకా కొంగు దగ్గరే ఉంది.

పోయిన ఎండాకాలం నువ్వు కారు ఇచ్చినప్పుడు ఈ బస్సు బాధ తప్పిందనుకున్నాను. నేర్చుకుని రెండు నెలలు నేనే నడిపాను కూడా. సెప్టెంబరులో ఏమైందో నీకు తెలిసిందే. అమరచింతకు తిరిగే మలుపు దగ్గర వానలో బర్రెలు అడ్డమొచ్చాయి, బ్రేకు పడలేదు, కారు జారి పక్క గుంతలో పడింది. చావు తప్పి కన్ను లొట్టపోయింది. ఆయన మోచేయి పగిలింది, నా నుదుటికి ఐదు కుట్లు. అప్పటి నుంచి కారు వెంకటన్న షెడ్డులోనే ఉంది. అంతకు వారం ముందే ఆ బ్రేకులు బాగు చేసింది వెంకటన్నే కదా, వీధిలో అందరూ ఆయన్నే అంటున్నారు.

మీ బావ ఇక కారెక్కనంటాడు. "బస్సే నయం" అంటాడు. సరే, బస్సే అనుకుంటే, మొన్న శనివారం బస్సుకూ రాలేదు. "ఇయ్యాల వద్దులే, ఒళ్లు నొస్తుంది" అని గోడ వైపు తిరిగి పడుకున్నాడు. ఈరోజు చూస్తే కాళ్లు ఉబ్బి చెప్పులు పట్టలేదు. డాక్టరు నన్నే కోప్పడ్డాడు. ఇట్లాగే తప్పిస్తూ పోతే ఊపిరితిత్తుల్లోకి నీళ్లు చేరతాయట, ఆ తర్వాత ఎవరూ ఏమీ చేయలేరట.

పాత కార్లు అమ్మడం నీ పనే కదా. ఆ కారు ఎవరికన్నా అమ్మిపెట్టు. చూస్తే కడుపు మండుతోంది.

మీ అక్క,
జమ్ములమ్మ

నాగర్‌కర్నూల్
జనవరి 13

అక్కా,

నోరు తెరిస్తే "ఏందిరా, గట్లెట్ల" అనే మనిషివి, కాగితం పట్టగానే పంతులమ్మవైపోతావు. నాకూ అదే జబ్బు అంటుకుంది చూడు.

కారు అమ్మను. కారు లేకపోతే బావ ఇంకా తప్పిస్తాడు, అది నీకూ తెలుసు. వేరే సంగతి చెప్తాను, తిట్టకుండా చదువు. వనపర్తి బయట మూతబడ్డ పత్తిమిల్లు ఉంది కదా, దాని సిమెంటు మైదానంలో హైదరాబాదు నుంచి వచ్చినవాళ్లు నెలకో ఆదివారం ఒక బడి నడుపుతున్నారు. ఆటోక్రాస్ అంటారు. పేరు చూసి రేసు అనుకోకు. ఖాళీ స్థలంలో రబ్బరు కోన్లు వరసగా పెడతారు, ఒక్కసారికి ఒక్క కారే, వాటి మధ్య నడపాలి. గట్టిగా బ్రేకు కొడితే ఏమవుతుంది, తడి నేల మీద జారితే ఏం చేయాలి, అన్నీ అక్కడ చేయించి చూపిస్తారు. తప్పు చేస్తే కోను పడిపోతుంది, అంతే. కొత్తవాళ్లకు మూడు ఆదివారాలు. నీ పేరు రాయించాను. మొదటిది ఇరవై ఆరున.

ఒక్క మాట మాత్రం విను. అంతకంటే ముందు కారు నా దగ్గరికి పంపు. ఒక్కరోజు చాలు. ఆయిలు, నీళ్లు, చిన్నచిన్నవి నేను చూసి పంపిస్తాను. మర్చిపోకు.

బావకు నా దండాలు.
తిరుపతి

గద్వాల
జనవరి 17

తమ్ముడూ,

నలభై ఆరేళ్లకు బడికి పంపుతున్నావు, పలకా బలపం కూడా పంపకపోయావా? పక్కింటి భాగ్యమ్మకు ఎట్లా తెలిసిందో, "రేసులకు పోతున్నవంట గద, టోపీ కొన్నవా?" అని బజారులో అందరి ముందూ అడిగింది. "నీకూ ఒకటి తెస్త ఆగు" అన్నాను. నవ్వే ఓపిక కూడా లేదు నాకు.

వద్దని రాద్దామనే కూర్చున్నాను. కానీ నిన్న గురువారం ఆయన మళ్లీ రాలేదు. బస్టాండు దాకా వచ్చి, బస్సు చూసి వెనక్కి తిరిగాడు. నేను బతిమాలాను, తిట్టాను, బస్టాండులో నలుగురి ముందూ ఏడ్చాను. "ఇంటికి పోదాం పా" అన్నాడు, అంతే. ఆ మనిషిని ఇంటి గుమ్మం నుంచి మంచం దాకా తీసుకుపోయే బండి ఒకటుంటే ఈ తప్పించుకోవడం ఉండదు. అందుకే వస్తాను.

కారు నీ దగ్గరికి పంపడం మాత్రం కుదరదు. అంత దూరం ఎవరు నడుపుతారు? వనపర్తి దాకా తీసుకొస్తానని వెంకటన్నే అన్నాడు. నేను అడగలేదు, ఆయనే అన్నాడు. ఆ మనిషి ముఖం చూడలేకపోతున్నాను. ఆయిలు, నీళ్లు అన్నీ ఆయనే చూశాడు, నువ్వు హైరానా పడకు.

అక్క

నాగర్‌కర్నూల్
జనవరి 23

అక్కా,

ఆయిలు గురించి కాదు. ఈ ఆదివారం మానేసి వచ్చే నెల నుంచి మొదలుపెట్టు. లేదా శనివారం నేనే గద్వాల వచ్చి కారు తెచ్చుకుంటాను. వెంకటన్నకు రెండుసార్లు ఫోన్ చేశాను, ఎత్తలేదు. ఈ ఉత్తరం నీకు సమయానికి అందితే బాగుండు.

తిరుపతి

వనపర్తి, దవాఖాన
జనవరి 28, మంగళవారం

తిరుపతీ,

నీ ఉత్తరం నిన్న అందింది. ఆదివారం అయిపోయాక.

వెంకటన్న కారు నడిపాడు. దారి పొడవునా ముప్పై దాటించలేదు. ఎద్దుబండి కూడా మమ్మల్ని దాటిపోతుందేమో అనిపించింది. మిల్లు గేటు దగ్గర బడి నడిపే అమ్మాయి ఎదురొచ్చింది. పేరు అమూల్య, ముప్పై కూడా ఉండవు. నన్ను ఆంటీ అంది, అప్పుడే సగం కోపం వచ్చింది. లోపలికి పోయే ముందు ప్రతి కారునూ తడిమి చూస్తారట. కారులో ఉన్న సామాను మొత్తం దింపించింది. మీ బావ మందుల సంచి, నీళ్ల సీసా, గొడుగు, అన్నీ. బ్రేకు తొక్కి చూసి "బ్రేకులు మంచిగున్నయి" అంది. వెంకటన్న పక్కనే నిలబడి విన్నాడు. తర్వాత కింద కూర్చుని టైరు మీద గోరుతో గీకింది. నల్లరంగు ఊడి వచ్చింది.

"ఈ కారు ఎవరిచ్చిన్రు ఆంటీ?" అని అడిగింది.

"ఎందుకమ్మా?"

"ఊకనే. ఈ టైర్లతోని లోపలికి రానియ్య. మా బడి కారుంది, అది తోలున్రి."

ఎందుకు రానివ్వలేదో నీకు తెలిస్తే రాయి.

ఇక బడి సంగతి. ముందు అందరినీ కాలినడకన కోన్ల మధ్య తిప్పారు. మేం పదకొండు మందిమి. అందరూ పాతికేళ్ల పిల్లలు, నేనొక్కదాన్నే చీర కట్టుకున్నదాన్ని. నా తలకు హెల్మెట్ పెడితే కొప్పు అడ్డొచ్చింది, ఊడదీసి జడ వేసుకున్నాను. మొదటిసారి నాలుగు కోన్లు పడేశాను. "కోను దిక్కు చూస్తే కారు కోనుకే పోతది. మీరు పోవాల్సిన కాడికి చూడున్రి" అని అమ్మాయి అరిచింది. మధ్యాహ్నానికి రెండే పడ్డాయి.

అసలు గోల బ్రేకు దగ్గర. నలభై వేగంతో వచ్చి, ఆమె జెండా దించగానే బ్రేకు నేలకంటా తొక్కాలి. జెండా దించింది. నా రెండు కాళ్లూ పైకి లేచాయి. కారు తన దారిన తాను పోయి గడ్డిలో ఆగింది. మళ్లీ చేశాను, మళ్లీ లేచాయి. ఐదుసార్లు. పిల్లలు నవ్వారు. అమ్మాయి మాత్రం నవ్వకుండా పక్క సీట్లో కూర్చుంది.

"మీరేం పని చేస్తరు?"

"మగ్గం నేస్త."

"మగ్గం మీద కాళ్లతోని ఏం చేస్తరు?"

మగ్గం గుంతలో కూర్చుని కాళ్లతో చెక్కలు తొక్కుతామని చెప్పాను. పోగు తెగిందంటే ముందు రెండు కాళ్లూ ఎత్తేయాలి, తొక్కి ఉంచితే పక్క పోగులు కూడా తెగుతాయి అని చెప్పాను. పన్నెండేళ్లప్పుడు అమ్మ నా మోకాళ్ల మీద కర్రతో కొట్టి నేర్పింది కదా. చెప్తూ చెప్తూ మధ్యలో ఆగిపోయాను. అమ్మాయి నా కాళ్ల వైపు చూసి, "గందుకే ఆంటీ. ముప్పై ఏండ్ల అలవాటు ఒక్క పూటల పోదు. ఇంట్ల కుర్చీల కూసొని రోజుకు నూరు సార్లు తొక్కున్రి" అంది.

తొక్కుతున్నాను. ఇప్పుడు ఈ వరండాలో కూడా తొక్కుతున్నాను. ఊడ్చే ఆమె నన్ను పిచ్చిదాన్ని చూసినట్టు చూస్తోంది.

మీ బావ ఈరోజు వచ్చాడు. దేవుడి దయ.

జమ్ములమ్మ

నాగర్‌కర్నూల్
ఫిబ్రవరి 3

అక్కా,

ఎందుకు రానివ్వలేదో రాయమన్నావు. నీకు తెలుసు, నా చేతే రాయించాలని అడిగావు.

అవి అరిగిపోయిన టైర్లు. మా కొట్టులో అరిగిన టైర్లను పారేయరు. కత్తితో మళ్లీ గీతలు కోయించి, నల్లరంగు పూసి, కొత్తవాటిలా నిలబెడతారు. నీకిచ్చిన కారుకు ఉన్నవి నాలుగూ అవే. కొన్నవాళ్లకు అట్లాగే ఇచ్చాం, నీకు కూడా అట్లాగే ఇచ్చాను. వానాకాలం లోపల మార్చేద్దాం అనుకున్నాను. రేపు, ఎల్లుండి అనుకుంటూనే వాన పడింది. నా సొంత అక్క, రోగంతో ఉన్న బావ ఎక్కే కారు అని తెలిసీ ఆ పని చేశాను. నేను మనిషినేనా?

మీరు గుంతలో పడ్డారని ఫోన్ వచ్చినప్పుడు నాకు ముందు గుర్తొచ్చింది ఆ టైర్లే. నువ్వు బ్రేకు పడలేదన్నావు. హమ్మయ్య అనుకున్నాను అక్కా. వెంకటన్న మీదికి పోయిందిలే అని ఊపిరి పీల్చుకున్నాను. ఐదు నెలలుగా అన్నం ముద్ద దిగడం లేదు. కారు పంపమని నీ వెంటపడింది కూడా దొంగచాటుగా టైర్లు మార్చేద్దామనే.

తప్పంతా నాది. నీ తప్పు గోరంత కూడా లేదు. బ్రేకు పడకపోవడం కాదు, తడి రోడ్డు మీద ఆ టైర్లతో ఎవరు తొక్కినా అది జారేదే. నన్ను ఏమన్నా అను. రానే రావద్దన్నా సరే.

తిరుపతి

వనపర్తి, దవాఖాన
ఫిబ్రవరి 11, మంగళవారం

తిరుపతీ,

నీ ఉత్తరం వచ్చి ఐదు రోజులైంది. మూడు రోజులు చేతికి అందినదల్లా విసిరికొట్టాను. చల్లకొచ్చి ముంత దాచిన బుద్ధి ఎప్పటి నుంచిరా నీకు? "అక్కా, టైర్లు అరిగినయి, జర ఆగు" అంటే నేను వద్దంటానా? ఒళ్లు మండిపోయింది. నిన్ను ఎత్తుకుని పెంచిన చేతులు ఇవి.

నాలుగోరోజు కోపం చల్లారింది. చల్లారాక నా సంగతి ముందుకొచ్చి కూర్చుంది.

నా తప్పు గోరంత కూడా లేదని రాశావు చూడు, అది చదివి సంతోషపడి ఊరుకోవచ్చు. ఎవరికీ తెలియదు. కానీ విను. ఆరోజు బ్రేకు పడకపోవడం కాదు, నేను తొక్కలేదు. బర్రెలు రాగానే రెండు కాళ్లూ పైకి లేచాయి. గుంతలో పడ్డాక కూడా నా కాళ్లు సీటు అంచుకే ఉన్నాయి. జనం పోగై "ఏమైంది, ఏమైంది" అంటుంటే "బ్రేకు పడలే" అని నా నోట్లోంచి వచ్చేసింది. ఆ ఒక్క మాటే. తర్వాత దాన్ని వెనక్కి తీసుకునే ధైర్యం రాలేదు. ఆడది కారు నడిపితే ఇంతే అంటారని భయం. మీ బావ ముందు సిగ్గు. వెంకటన్న షెడ్డుకు బండ్లు రావడం ఆగిపోయిందని తెలుస్తూనే ఉంది, ఆ దారిన పోకుండా వీధి చుట్టి తిరిగాను. మైదానంలో ఆ అమ్మాయి అడుగుతుంటే మధ్యలో ఆగిపోయానని రాశాను కదా, అందుకు.

సగం నీది, సగం నాది. మొత్తం నువ్వొక్కడివే నెత్తిన పెట్టుకుని మంచివాడివైపోదామనుకోకు. పాపం పోయి తగిలింది మాత్రం వెంకటన్నకు. నేను ఈ ఆదివారం ఆయన షెడ్డుకు పోతున్నాను, టీ తాగేవాళ్లు నలుగురూ ఉండగానే. నీ సగం నువ్వు వచ్చి చెప్పుకో. నాతో కలిసి కాదు. ఇద్దరం కలిసి పోతే ఒకరి కొంగు ఒకరు పట్టుకుని నిలబడతాం.

అక్క

నాగర్‌కర్నూల్
ఫిబ్రవరి 22

అక్కా,

గురువారం నువ్వు వనపర్తిలో ఉంటావని తెలిసే గద్వాల వెళ్లాను. కొత్త టైర్లు నాలుగు తీసుకుని షెడ్డు ముందు దిగాను. వెంకటన్న ట్రాక్టరు కింద పడుకుని ఉన్నాడు. బయటికి రాలేదు. వంగి, ఆ చక్రాల సందులోంచే చెప్పాను. మొత్తం చెప్పాను.

"అయిపాయెనా?" అన్నాడు. "మొన్న మీ అక్కొచ్చి చెప్పింది, ఇయ్యాల నువ్వొచ్చినవు. ఐదు నెలల సంది నా షెడ్డు ముంగట బండి ఆగలే. గప్పుడు ఏడున్నరు మీరు?"

"టైర్ల సంగతి..." అని ఏదో అనబోయాను.

"టైర్ల సంగతి గుంతల కెల్లి బండి గుంజిన నాడే చూసిన. నోరిప్పితే, నా తప్పు మీ మీదికి నూకుతున్న అందురు. గా దినం మీ అక్కను తోల్కపోయినప్పుడు పానం అరచేతుల పెట్టుకొని తోలిన."

కొత్త టైర్లు బిగించాడు. పాతవి నాలుగూ నా ముందే కత్తితో అడ్డంగా కోసి పడేశాడు, ఇంకెవరికీ అమ్మకుండా. టీ తాగుతావా అని అడగలేదు. వచ్చేస్తుంటే మాత్రం, "మీ అక్క నలుగురి ముంగట చెప్పింది, అది ఒప్పుకోవాలె" అన్నాడు. షెడ్డు ముందు ట్రాక్టరు కాక ఒక ఆటో, రెండు బైకులు ఉన్నాయి. లెక్కపెట్టుకుని వచ్చాను.

కొట్టులో పని మానేశాను. వేరే చోట చూస్తున్నాను. ఇది నీకు అందేసరికి బడిలో నీ రెండో ఆదివారం అయిపోయి ఉంటుంది, ఎట్లా జరిగిందో రాయి.

తిరుపతి

వనపర్తి, దవాఖాన
మార్చి 27, గురువారం

తమ్ముడూ,

మూడు ఆదివారాలూ అయిపోయాయి. రెండో ఆదివారం పదిసార్లలో ఏడుసార్లు తొక్కాను. మొన్న మూడో ఆదివారం ట్యాంకరుతో నీళ్లు పోసి, ఆ తడిలో నడిపించారు. కారు పక్కకు జారుతున్నా కాలు బ్రేకు మీదే ఉంది. పదికి పది. అమూల్య నన్ను కౌగిలించుకుంది. ఆంటీ అంటే ఇప్పుడు కోపం రావడం లేదు.

మీ బావకు నేను అంతా చెప్పేశాను. విన్నాడు, పక్కకు తిరిగి పడుకున్నాడు. కారు ఇంటి ముందే ఉన్నా మంగళవారం బస్సులోనే వచ్చాం. ఈరోజు పొద్దున నేను చెప్పులు వేసుకుంటుంటే బయట కారు తలుపు చప్పుడైంది. చూస్తే ముందు సీట్లో కూర్చుని, మందుల సంచి ఒళ్లో పెట్టుకుని, బెల్టు ఎక్కడ పెట్టాలో తెలియక వెతుక్కుంటున్నాడు. నేనేమీ అడగలేదు. అడిగితే దిగిపోతాడేమోనని.

అమరచింత మలుపు దగ్గర మేకల మంద. ఒకటి కాదు, నూరు. నేలకంటా తొక్కాను. కారు ఆగింది. మేకలకాపరి తిట్టుకుంటూ పోయాడు. ఇంజను ఆపేసి ఐదు నిమిషాలు అక్కడే ఉన్నాం. ఆయన నీళ్ల సీసా మూత తీసి ఇచ్చాడు.

ఇప్పుడు మంచం పక్కన కూర్చునే రాస్తున్నాను. ఈయనేదో రాస్తానంటున్నాడు, "ఇటియ్యి" అని పుస్తకం లాగుతున్నాడు. ఇస్తున్నాను.

తిరుపతీ, గొట్టం లేని చెయ్యితోని రాస్తున్న, అక్షరాలు వంకర పోతయి. బ్రేకు తొక్కలేదని మీ అక్క ఇన్ని దినాలకు చెప్పింది. నాకు గా దినమే తెల్సు. పక్కనే కూసున్న గద, రెండు కాళ్లు మీదికి లేసుడు చూసిన. నేను గూడ గదే మగ్గం గుంతల ముప్పై ఏండ్లు కూసున్నోన్నే. ఊరంతా వెంకటన్న మీద పడ్డప్పుడు నేను గూడ నోరు మూసుకున్న. నీది సగం, ఆమెది సగం అని పంచుకున్నరంట. మరి నా పాలు ఏదిరా?

నేను బస్సెక్కింది కారుకు భయపడి కాదు. నాకు దినాలు దగ్గర పడ్డయనుకున్న. ఏమన్న అయితే బస్సుల కానీ, ఆమె తోలంగ కావొద్దు అనుకున్న. ఆమె చేతుల అయితే బతికినన్ని దినాలు అది మోస్తది. ఇంట్ల పండుకొని పోతే ఇంకా మంచిదనిపించె, గందుకే ఎగ్గొట్టిన. గీ సంగతి ఆమెకు తెల్వదు. ఇప్పుడు నా భుజం మీదికెల్లి చదువుతుంది. చదవనీ.

ఏడుస్తుంది. నర్సమ్మ వచ్చి ఏందని అడిగింది.

ఎల్లుండి శనివారం. నేను దవాఖానకు పోత. ఆమెనే తోలుతది.

మొగులయ్య